సెకనులో నూరవ వంతు

ఫిన్లాండు దేశమున శీతకాలమున నేలను మంచు కప్పియుండును. పాదములకు పొడవైన పలకలు బిగించుకొని దానిపై జారుచు సాగుట అచ్చటివారికి ప్రాచీన విద్య. దానినే స్కీయింగ్ అందురు. అందు జూహా మియెటో మేటి. 1976 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము గెలిచిన ఫిన్లాండు జట్టులో అతడొకడు.

1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో 15 కిలోమీటర్ల పందెము జరిగెను. స్వీడను దేశీయుడు థామస్ వాస్‌బెర్గ్ 41 నిమిషముల 57.63 సెకండ్లలో గమ్యము చేరెను. మియెటోకు 41 నిమిషముల 57.64 సెకండ్లు పట్టెను. భేదము సెకనులో నూరవ వంతు. దూరముగా లెక్కించినచో సుమారు 6 సెంటీమీటర్లు. మియెటోకు రజతమే దక్కెను.

దీనిని ఓటమి యనవచ్చునా? ఆ పందెములో పోటీదారులు ఒకరి తరువాత ఒకరుగా బయలుదేరుదురు. ఇంతలో గాలి మారవచ్చును, మంచు మెత్తబడవచ్చును. అట్టిచోట నూరవ వంతు గడియారపు సూక్ష్మతను తెలుపునే కాని మనుష్యుని ఆధిక్యమును తెలుపజాలదు. ఆ పందెము తరువాత ఇట్టి దూరపు స్కీ పందెములలో కాలమును పదవ వంతు వరకే లెక్కించునట్లు నిబంధనను మార్చిరి. ఆ మార్పు సమంజసమైనది.

మియెటో పతకము మారలేదు. కాని అతని పరాజయము వలన తరువాతివారికి న్యాయమైన కొలత లభించినది.