వైద్యం పద్దులో రాయని పదకొండు వేలు

ఇంటి లెక్కలు రాసే అలవాటు నాకు అమ్మ నుంచి వచ్చింది. పాలు, కూరలు, గ్యాసు, పనమ్మాయి జీతం, పిల్లల ఫీజులు, వైద్యం, ఎందులోనూ ఇమడనివన్నీ చివర్న "ఇతరములు". మొన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే పాత పుస్తకాలు నాలుగు బయటపడ్డాయి. ఇంకేముంది, దులపడం అక్కడితో ఆగిపోయింది. అక్కడే స్టూలు మీద కూర్చుని తిరగేయడం మొదలుపెట్టాను.

ఐదేళ్ళ కిందటి పుస్తకంలో "ఇతరములు - 1,000" అని పదకొండు చోట్ల ఉంది. పక్కన వివరం లేదు. పది రూపాయల కొత్తిమీర కట్టకి కూడా వివరం రాసే మనిషిని, వెయ్యి రూపాయలకి ఎందుకు రాయలేదో నాకు బాగా గుర్తుంది. అది నేను సైకాలజిస్టుకి ఇచ్చిన ఫీజు.

అంతకుముందు రెండేళ్ళ "వైద్యం" పేజీలు మాత్రం కిటకిటలాడుతున్నాయి. ఈసీజీ మూడుసార్లు, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎండోస్కోపీ, థైరాయిడ్ రెండుసార్లు, మెడకి ఎమ్మారై. గుండె డాక్టరుగారు గ్యాస్ అన్నారు. గ్యాస్ డాక్టరుగారు నరాలేమో చూపించుకోమన్నారు. నరాల డాక్టరుగారు అంతా నార్మల్ అన్నారు. మధ్యలో ఒక రాత్రి గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఇక పోతున్నాననే అనుకున్నాను. ఆస్పత్రిలో రెండు రాత్రులు ఉంచుకుని, ఏమీ లేదని పంపించారు. ఆ బిల్లు 38,000 ఇన్సూరెన్సు వాళ్ళు కట్టారు. మిగతావన్నీ కలిపి మా చేతి నుంచి పోయింది 71,400. ఆటో ఖర్చులు ఇందులో లేవు.

రిపోర్టు నార్మల్ అని వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ సంతోషించేవారు. నాకు మాత్రం దొంగతనం బయటపడినట్టు ఉండేది. నొప్పి నిజం, కాగితమేమో అబద్ధమంటోంది.

చివరికి మా వీధి చివర ఉండే పెద్ద డాక్టరుగారు నా ఫైలు అటూ ఇటూ తిప్పి, మూసేసి, "మీ వాళ్ళెవరైనా పోయారా అమ్మా ఈ మధ్య?" అని అడిగారు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. పెద్దాడి ఇంటర్ పరీక్షలు అయిపోయాక వస్తానని ఫోన్లో చెప్పాను. చివరి పరీక్ష ముందు రోజే అమ్మ వెళ్ళిపోయింది. ఈ ముక్క ఆయనకి చెప్పలేదు, ఊరికే తలూపాను. ఆయన సైకాలజిస్టు పేరు చీటీ మీద రాసిచ్చారు.

ఆ చీటీ మూడు నెలలు పోపుల డబ్బా కింద ఉంది. నాకేమైనా పిచ్చా అన్న ఉక్రోషం ఒకటి. సినిమాల్లో ఎర్రగడ్డ జోకులకి పడీపడీ నవ్వినవాళ్ళమే కదా మనందరం. కానీ అసలు అడ్డం అది కాదు, డబ్బు. ఎండోస్కోపీకి ఐదు వేలు అడగడానికి నేనెప్పుడూ తటపటాయించలేదు. ముప్పావు గంట కూర్చుని మాట్లాడి రావడానికి వెయ్యి అడగాలంటే నోరు రాలేదు. పరీక్షకైతే చేతికో కాగితం వస్తుంది, తెచ్చి చూపించవచ్చు. దీనికేం చూపిస్తాం? మావారు మంచివారే, కోప్పడలేదు. "మాట్లాడుకోవడానికి నేను లేనా?" అన్నారంతే. ఆ మాటకి జవాబు అప్పుడు తెలియలేదు. అమ్మ దగ్గరికి ఆ వారం నన్ను వెళ్ళనివ్వని ఇంట్లో ఆయనా ఒకరు కదా. ఎవరూ కట్టేయలేదు, నేనే ఆగాను. అయినా ఆ మాట ఆయన ఎదుట ఎలా అనను?

మూడోసారి వెళ్ళినప్పుడు ఆ గదిలో అన్నాను. మిగతాది ఇక్కడ రాయను. పదకొండుసార్లు వెళ్ళాను. మంత్రమేసినట్టు ఏమీ మాయం కాలేదు, దడ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వస్తే ఏం చేయాలో తెలుసు, అంతే. ఆ తర్వాతి ఏడాది నా పేరు మీద వైద్యం పద్దు 6,900. అందులో సగం పన్ను పీకించుకున్నందుకు!

మా ఒక్క ఇంటి లెక్క చూపించి సిద్ధాంతాలు చెప్పనులెండి. మా అన్నయ్య కూతురు సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. దానికి ఈ పుస్తకాలు చూపిస్తే, "అత్తా, దీని మీద అరవై ఏళ్ళ కిందటే పరిశోధనలున్నాయి" అంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కైజర్ పర్మనెంటే ఆస్పత్రుల్లో ఫోలెట్, కమ్మింగ్స్ అనే ఇద్దరు 1967లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనసులో కష్టం పెట్టుకుని ఊరికే ఆస్పత్రికి వచ్చేవాళ్ళని తీసుకుని, సైకోథెరపీకి వెళ్ళినవాళ్ళు తర్వాత ఐదేళ్ళలో ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టారు. వెళ్ళనివాళ్ళతో పోలిస్తే వీళ్ళ రాకపోకలు తగ్గాయి. ఏళ్ళ తరబడి థెరపీకి వెళ్ళినవాళ్ళలో మొత్తం రాకపోకలు పెద్దగా తగ్గలేదట, డాక్టరు దగ్గరికి వెళ్ళే బదులు థెరపీకి వెళ్ళారు. వాళ్ళు కూడా ఆస్పత్రిలో చేరడం మాత్రం బాగా తగ్గింది.

నాకు తోచిన అనుమానం దాన్నే అడిగాను. జ్వరం బాగా ఎక్కిన రోజే కదా మందు వేస్తాం, మర్నాడు తగ్గితే మందు వల్లే అంటాం, ఊరికే ఉన్నా తగ్గేదేమో? మరీ విసిగిపోయినప్పుడే మనిషి కౌన్సెలింగ్‌కి వెళ్తుంది, ఆ తర్వాత ఎలాగూ కాస్త దిగుతుంది కదా. "అందుకే అత్తా, వెళ్ళనివాళ్ళతో పోల్చి చూడటం" అంది. అలాంటి 58 అధ్యయనాలని కలిపి 1984లో చూస్తే, నూటికి 85 అధ్యయనాల్లో వైద్యం వాడకం తగ్గిందట. తగ్గింది కూడా ఎక్కువగా ఆస్పత్రిలో చేరే ఖర్చే, మామూలుగా డాక్టరుకి చూపించుకునే ఖర్చు కాదు. నా 38,000 గుర్తొచ్చింది.

కైజర్ వాళ్ళకి ఈ లెక్క ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే నాకు సరదాగా అనిపించింది. అక్కడ సభ్యులు ముందుగానే డబ్బు కట్టేస్తారు. గుండె పరీక్షయినా, మాటల వైద్యమైనా ఒకే సంచీలోంచి పోతుంది. ఒక చోట వెయ్యి పెడితే ఇంకో చోట పదివేలు మిగిలాయని ఆ సంచీకి తెలుస్తుంది. మనకి సంచీలు రెండు. మంచమెక్కితే ఇన్సూరెన్సుది, నడిచి వెళ్ళి నడిచి వస్తే మనది. మానసిక జబ్బులకీ శరీరపు జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది, 2018లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకి ఆదేశమూ ఇచ్చింది. కానీ మామూలు పాలసీలు ఎక్కువగా కట్టేది ఆస్పత్రిలో చేరితేనే. మాటల వైద్యమేమో కుర్చీలో కూర్చుని జరిగేది. ఇక సమానం ఎక్కడ?

అలాగని పరీక్షలు దండగ అనడం లేదు, అలా ఎవరూ అర్థం చేసుకోకండి. ఛాతీలో నొప్పి వస్తే ముందు ఈసీజీయే తీయించాలి. నాకూ మొదటి ఈసీజీ అవసరమే. మూడోది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఖర్చు ప్రతిసారీ తగ్గుతుందనీ లేదు. మా పిన్ని బాబాయి పోయాక సుగర్ మాత్రలు వేసుకోవడం మానేసింది. ఆ ఏడాది ఆవిడ వైద్యం ఖర్చు సున్నా. కౌన్సెలింగ్ మొదలయ్యాక మళ్ళీ రక్తపరీక్షలు, కంటి డాక్టరు, కొత్త చెప్పులు. పద్దు పెరిగింది, పిన్ని బతికి బట్టకట్టింది. కాబట్టి డబ్బు మిగుల్తుందన్న ఆశతోనే దీన్ని సమర్థించడం నాకు ఇష్టం లేదు. మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే ఎంత మిగులుతుందని మనం ఎవర్నీ అడగం కదా! దీన్ని ఒక్కదాన్నే ఎందుకు లాభం చూపించమంటాం? నా పేచీ అల్లా, లెక్క వేసేవాళ్ళు రెండు పేజీలూ తెరిచి వేయమని. మా ఇంట్లో ఆ పదకొండు వేలు కొత్త ఖర్చులా కనబడ్డాయి. అవి రాకముందు పోయిన 71,400 ఎవరికీ ఖర్చులా కనబడలేదు, జాగ్రత్తలా కనబడింది.

వెయ్యి కూడా లేని ఇళ్ళున్నాయని తెలుసు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ మొదలుపెట్టింది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మా పనమ్మాయి తన చెల్లెలి కోసం చేసింది. ముందు నేను చేసిపెట్టమంటే చేసిపెట్టి, గదిలోంచి నేను బయటికి వచ్చేశాను.

అటక మీద దొరికిన ఆ పుస్తకంలో పదకొండు చోట్లా "ఇతరములు" కొట్టేసి "వైద్యం" అని రాశాను. మొత్తాలు మారిపోతాయని మావారు నవ్వారు గానీ, కాలిక్యులేటరు తెచ్చి మళ్ళీ కూడింది ఆయనే. పోయిన నెల పాలసీ రెన్యువల్‌కి ఏజెంటు వచ్చినప్పుడు, కౌన్సెలింగ్ ఫీజుకి మా పాలసీలో ఏమైనా వస్తుందా అని నేను అడగబోతుంటే ఆయనే అడిగారు. ఏజెంటు కాగితాలు తిరగేసి, కాఫీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మేడమ్‌గారు అడ్మిట్ అయితే ట్రై చేద్దాం సార్."