కరవుసీమలో ఆవిరి పడవ

విద్యావంతుల గృహములలో పాడైన వస్తువునకు రెండే గతులు కలవు. మూలగదిలో దుమ్ము తినుట యొకటి. పాతసామానుల వానికి తూకమున పోవుట రెండవది. దానిని విప్పి, లోపమును కనిపెట్టి, మరల నడిపింపవచ్చునను మూడవ గతి మనవారికి తోచదు. ఒకవేళ తోచినను ఆ పని తమది కాదందురు. ఈ "తమది కాదు" అను మాటతోనే నాకు తగవు.

తగవునకు కారణమైన వస్తువు మిక్కిలి చిన్నది. బొమ్మపడవలో అమర్చుటకై చేయబడిన పాత ఆవిరియంత్రము. జానెడు పొడవైనను లేదు. ఇత్తడి బాయిలరు, దాని క్రింద స్పిరిటు దీపము, ప్రక్కన వ్రేలెడు సిలిండరు, ఒక చక్రము. ఇంతే దాని సంసారము. ఇంగ్లండులో స్టూవర్టు టర్నరు, బాసెట్ లోకు కంపెనీలును, 1937 తరువాత మామోడ్ కంపెనీయును, జర్మనీలో బింగ్, మెర్క్లిన్ కంపెనీలును ఇట్టివానిని విస్తారముగా చేసి యమ్మిరి. నాకు దొరకిన దానిమీద పేరు చెరిగిపోయినది. గుంతకల్లులో పాతయినుము నడుమ చిలుము పట్టి, చక్రము బిగిసి పడియుండగా ఇత్తడి వెలకు కొని, విడపనకల్లునకు తెచ్చి, వసారాలో గుడ్డ పరచి విప్పనారంభించితిని. అది మొదలు మా యింటికి వచ్చినవారిలో ఆక్షేపింపనివారు లేరు.

"ఏమప్పా, తాగనీకి నీళ్ళు లేని తావున పడవ యాడ తిప్పుతావు?" అని పెద్దాయన యొకరు నవ్విరి. నవ్వదగిన మాటయే. గుంతకల్లునకును బళ్ళారికిని నడుమ, నల్లరేగడిమీద శనగ విత్తి మబ్బుల వంక చూచు ఊరు మాది. జిల్లాకు సాలుకు పడు వాన సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. ఆ పడునదియు పడవలసిన నాడు పడదు. కాని బొమ్మపడవకు సముద్రము కావలయునా? గుడ్డలుతుకు తొట్టి చాలును. ఆట ముగిసిన పిమ్మట ఆ నీటిని అరటిచెట్టునకు పోయవచ్చును. బాయిలరునకు కావలసినది చిన్న గిన్నెడు నీరు. పెండ్లిపందిటిలో చేతులు కడుగుకొనుటకు మనము పారబోయు నీటితో ఇట్టి పడవలు వంద నడుచును.

ఇంతకును పడవ యనునది మన రాయలసీమకు అంత వింతవస్తువా? సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు మీదుగా కడపకు త్రవ్విన కాలువ, కాటను దొర ఆలోచనను బట్టి, సేద్యమునకే కాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినది. అందులకై దానిపై లాకులు కట్టిరి. కట్టిన కంపెనీ నష్టపడి 1882లో ప్రభుత్వమునకు అమ్ముకొన్నది గాని, కరవుసీమకు పడవ తగదని ఆనాటి యంజనీర్లు అనుకొనలేదు.

మరియొక సంగతి. మన పరుషలలోను తిరునాళ్ళలోను రేకుపడవలు అమ్ముదురు గదా. లోపల చిన్న దీపము వెలిగించి నీటిలో విడిచినచో టకటకమని చప్పుడు చేయుచు తిరుగును. అదియు ఆవిరిపడవయే. దానిలో చక్రము లేదు, పిస్టను లేదు. పలుచని రేకుడబ్బియు, వెనుకకు పోవు గొట్టములును మాత్రమే. డబ్బిలోని నీరు ఆవిరియై గొట్టములోని నీటిని వెనుకకు నెట్టును. ఆవిరి చల్లబడగనే నీరు మరల లోనికి వచ్చును. ఈ వరుసయే పడవను నడుపును. ఇట్టిదానికి థామస్ పియో అనునతడు 1891లో ఇంగ్లండున పేటెంటు పొందెను. ఈ రేకుపడవను బిడ్డకు కొనిపెట్టు తండ్రిని, నీళ్ళెక్కడివని ఎవరును అడుగరు. కొని తెచ్చినదైనచో నీటి ప్రశ్న పుట్టదు. చేతితో బాగుచేసినదైనచో పుట్టును. కావున పెద్దాయన నవ్వు నీటిని గూర్చినది కాదని చదువరులు గ్రహింతురు. అది మసి పట్టిన నా చేతిని గూర్చినది.

రెండవవారు ఈ దాపరికము లేకయే మాటాడిరి. "అంత చదివినవాడవు, కంచరిపని నీకేలనయ్యా? రూపాయ లిచ్చిన వాడే చేసిపెట్టును" అని వారి హితోపదేశము. ఈ మాటలో రెండు అవమానములు కలవు. కంచరి చేయునది బుద్ధిలేని పనియను అవమానము మొదటిది. చదివినవాని చేయి పనికి మాలినదై యుండవలెనను నియమము రెండవది. అది మనలను మనమే అవమానించుకొనుట. విజయదశమి నాడు ఆయుధపూజ యని పట్టుకారునకును సుత్తికిని పసుపుకుంకుమలు పెట్టి టెంకాయ కొట్టుదుము. మరునాడు ఆ సుత్తిని మన పిల్లవాడు ముట్టినచో, "చదువుకోరా" అని కసరుదుము. ఏడాదికొకనాడు మ్రొక్కి తక్కిన దినములు ముట్టరాదని త్రోసివేయు ఈ భక్తి యెట్టిదో నాకు బోధపడదు.

గుంతకల్లును చూడుడు. ఆ యూరు పెరిగినది రైలువలన. అక్కడి యనేక కుటుంబములలో తాతలు ఫైరుమనులు, ఫిట్టర్లు, బాయిలరు పనివారు. బ్రాడ్‌గేజి దారులపై ఆవిరియింజనుల నడక 1995లో ముగిసినది. ఆ తాతలకు యంత్రపు ఊపిరి వినియే రోగము తెలియుచుండెను. మనుమలు యంత్రశాస్త్రమున పట్టభద్రులైరి, మంచిదే. కాని వారిలో ఎందరు ఒక మరను విప్పి మరల బిగించి యెరుగుదురు? తాత ఫిట్టరని పదిమందిలో చెప్పుకొనుటకు వారిలో కొందరు సంకోచించుట నేను స్వయముగా చూచితిని. ఆ సంకోచము వారికి పుట్టుకతో రాలేదు. మనమే నేర్పితిమి.

మన బాలుర పాఠములలో జేమ్సు వాటు కథ యొకటి ప్రచారమున నున్నది: బాలుడు కెటిలు మూత ఎగురుట చూచెననియు, దానివలన ఆవిరియంత్రము కనిపెట్టెననియు. ఇది కట్టుకథ. వాటునకు మునుపే న్యూకమెను యంత్రములు గనులలో నీరు తోడుచుండెను. జరిగినదేమనగా, 1763లో గ్లాస్గో విశ్వవిద్యాలయమునందు పాఠము చెప్పుటకై యుంచిన న్యూకమెను యంత్రపు చిన్న నమూనా యొకటి సరిగా నడువకుండెను. దానిని అంతకుముందు లండనుకు పంపియు ప్రయోజనము లేకపోయెను. ఆండర్సను అను ఉపాధ్యాయుడు దానిని విశ్వవిద్యాలయమున పనిముట్లు చేయు వాటునకు ఇచ్చెను. వాటు బాగుచేసెను. అయినను అది నాలుగు ఊపులు ఊగి ఆగిపోవుచుండెను. బాయిలరులోని ఆవిరియంతయు అయిపోవుచుండెను. ఏల? సిలిండరును ప్రతి ఊపునకును చన్నీటితో చల్లార్చి, మరల ఆవిరితో వేడిచేయవలసి వచ్చుటచే ఆవిరిలో అధికభాగము వృథా యగుచున్నది. చిన్న నమూనాలో ఈ నష్టము మరింత. వస్తువు చిన్నదగుకొలది దాని ఘనముతో పోల్చగా పైతలము ఎక్కువగును గనుక. పెద్ద యంత్రమున మరుగుపడియున్న దోషము బొమ్మలో బయటపడినది. 1765లో అతనికి సమాధానము తోచెను: ఆవిరిని చల్లార్చుటకు వేరొక పాత్ర యుండవలెను. 1769లో పేటెంటు పొందెను. ఆ నమూనా నేటికిని గ్లాస్గోలోని హంటేరియను మ్యూజియములో నున్నది.

చదువరులారా, పాత చిన్న ఆవిరియంత్రమును బాగుచేయుట పనిలేనివాని పనియను వారికి ఇంతకన్న ఏమి చెప్పుదును? కెటిలు కథ మనకేల నచ్చినదో కూడ ఆలోచింపుడు. అందు బాలుడు కూర్చుండి చూచును, చేయి కదలదు. కూర్చున్నవానికే జ్ఞానము కలుగునను మన నమ్మకమునకు ఆ కథ చక్కగా అతికినది.

ఇక మూడవ ఆక్షేపణ మా యింటి యాడువారిది: అది పేలదా? ఈ ప్రశ్నలో సత్యమున్నది. దీనిని నవ్వి త్రోసివేయువాడు యంత్రమును ముట్టరాదు. నీరు ఆవిరియైనచో ఇంచుమించు 1,600 రెట్లు వ్యాపించును. కావున పాత బాయిలరును కొన్ననాడే నిప్పుమీద పెట్టుట అవివేకము. మొదట దానిని గాలి లేకుండ నీటితో నింపి, చేతిపంపుతో, అది పనిచేయవలసిన ఒత్తిడికి రెండింతలు పెట్టి చూడవలెను. నీరు గాలివలె ఒదుగదు గనుక రేకు చీలినను చుక్కలు కారునే గాని పెంకులు ఎగురవు. రక్షణకవాటపు స్ప్రింగు బిగిసియున్నదో తెరచుకొనుచున్నదో చూడవలెను. సందేహమున్నచో క్రొత్తది వేయవలెను. పాత బొమ్మ బాయిలర్లకు అనేకముగా సీసము కలిసిన మెత్తని మాట్లే యుండును. నీరింకి బాయిలరు ఎండినచో ఆ మాట్లు కరగిపోవును. పాత తాళ్ళలోను పొరలలోను రాతినార ఉండవచ్చును. దానిని పొడిగా గోకరాదు, తడిపి తీసివేయవలెను. పిల్లలు పెద్దల యెదుటనే దీపము వెలిగింపవలెను. ఇవన్నియు భయపడి మానుటకు కారణములు కావు; తెలిసికొని చేయుటకు కారణములు. భోగినాడు నిప్పును, దీపావళినాడు మందుగుండును పిల్లలచేతి కిచ్చు మనకు ఈపాటి జాగ్రత్త కొత్తదా?

నాకు ఆశ్చర్యము కలిగించినది వేరు. ఈ పనికి కావలసిన విద్యలో సగము మన వంటయింటనే యున్నది. బాయిలరుపై పట్టిన చిలుమును వదలించినది చింతపండు. దేవుని గూటిలోని ఇత్తడి కుందులు తోము చేతికి ఆ సంగతి తెలియనిదా? లోపల గట్టిపడిన సున్నపు పెచ్చునకు నిమ్మరసము మేలు. ఎంతసేపు నాననీయవలెనో కూడ మా యింటివారే చెప్పిరి: ఎక్కువసేపు పులుపులో నున్న ఇత్తడి ఎర్రబారునని. అది యశదము కరగి రాగి మిగులుటవలన కలుగునని శాస్త్రము; వారు ఆ పేరెరుగరు, గుర్తెరుగుదురు. ఊడిన మాటునకు కళాయివాడు వచ్చెను. నవాసారము చల్లి, తగరమును పరచు ఆతని నేర్పు చూచినచో, లోహము శుభ్రపడినగాని మాటు పట్టదను పాఠము ఏ పుస్తకమును ఇంత స్పష్టముగా చెప్పదనిపించును. బిగిసిన చక్రమునకు కిరసనాయిలు పోసి మూడు దినములు ఓపిక పట్టితిమి. బలము చూపినచో ఇరుసు వంగును. సిలిండరు ఊగుచు తన రంధ్రమును పలకలోని రంధ్రముతో కలుపుకొని ఆవిరిని పుచ్చుకొనునట్టి యంత్రమిది. ఆ రెండు ముఖములు అరిగియున్నవి. గాజుపలకపై సన్నని మెరుగుపొడితో వానిని సాపుచేసినది మా తమ్ముని కూతురు. గీతలు పోవువరకు రెండు సాయంకాలములు కదలలేదు.

ఆమెను గూర్చియు ఒకరు, "ఆడపిల్లకు ఇదేమి పని" అనిరి. ఇత్తడి చెంబును తోమినచో ఆడపిల్ల పనియట. ఇత్తడి సిలిండరును తోమినచో కాదట! ఈ విభాగమును చేసిన శాస్త్రకారు డెవడో నాకు చూపినచో వానితో మాటాడుదును.

బాగుచేయుట యనగా క్రొత్తదానివలె మెరయజేయుట యని భ్రమించి, పాత రంగును గీకివేసి, వార్నిషు పూసి, అద్దాల బీరువాలో పెట్టువారును కలరు. వారికన్న తూకమునకు అమ్మువారు కొంత మేలు. ఆ ఇత్తడి మరియొక పనికి వచ్చును. నడువని యంత్రము బొమ్మకు బొమ్మ. 1855లో లీడ్సులో పుట్టిన ఫెయిరీ క్వీన్ అను ఇంజనును మ్యూజియములో చాలకాలము నిలిపియుంచి, 1997లో మరల పట్టాలపై నడిపిరి. దాని భాగములు దొంగలపాలైన పిమ్మట మద్రాసు పెరంబూరు కార్ఖానా పనివారు దానిని సరిచేయగా 2017లో అది మరల నడిచినది. దానిని చూచుటకు పట్టుచీరలతోను కెమెరాలతోను పోవుదుము. ఆ పనివాని కొలువులో మన పిల్లవాడు చేరుదునన్నచో మాత్రము ఇల్లంతయు శోకము.

మా యంత్రము నడుచుచున్నది. పడవకు చట్రము ఇంకను కావలెను. వేపచెక్క బరువగునని వడ్రంగి చెప్పుచున్నాడు, తేలికచెక్కకు బళ్ళారి పోవలెను. ఇట్టి యంత్రము ఎవరి యింట మూలపడియున్నను విప్పదలచినచో, నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు: మరలను తీసిన వరుసలోనే పళ్ళెమున పేర్చుడు, పాతరంగును గోకకుడు, ఇరుసులకు పలుచని నూనె చాలును, బాయిలరులో బోరునీరు మాత్రము పోయకుడు. మన జిల్లా నేలనీటిలోని సున్నము ఆ సన్నని గొట్టములను నెలలో పూడ్చివేయును. వాన పడిననాడు, అది ఎప్పుడు పడునో గాని, మొదటి జల్లు పోనిచ్చి, తరువాతి నీటిని రెండు సీసాలు పట్టియుంచుడు.