బల్లుల పోట్లాటకు దోషి ఎవరు?

పిల్లలూ! రాత్రివేళ ట్యూబులైటు దగ్గర రెండు బల్లులు ఎదురుపడితే ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు. ఒకటి రెండోదాన్ని తరుముతుంది. ఓడినది గోడకున్న పటం వెనక్కు దూరిపోతుంది. తగవు అంతటితో సరి!

అలాంటి రెండు బల్లుల్ని గాజుపెట్టెలో పెడితే? తరమడం మామూలే, పారిపోవడానికి మాత్రం చోటుండదు. అందుకే, ఈ పోట్లాటలో దోషి బల్లి కాదు, పెట్టె అంటాను నేను.

చాలా దేశాల్లో లెపర్డ్ గెకో అనే మచ్చలబల్లిని పెంచుతారు. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని ఎండు నేలలు దాని పుట్టిల్లు. ఎదిగిన మగవి రెండు ఒకే పెట్టెలో ఉంటే నెత్తురు కారేలా కరుచుకుంటాయి. ఒక్కోసారి తోక తెగిపోతుంది. తోక అంటే దానికి కొవ్వు దాచుకునే గాదె! మళ్ళీ మొలిచిన తోకలో ఎముకలుండవు, మృదులాస్థి మాత్రమే ఉంటుంది.

ఆడవైతే కలిసి ఉంటాయా? అదీ నమ్మకం లేదు. ఈ జాతిలో గుడ్డు పొదిగిన వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది. 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32.5 దగ్గర మగవి ఎక్కువ. ఆ ఎక్కువ వేడిలో పుట్టిన ఆడవాటికి దూకుడు కూడా ఎక్కువేనని పరిశోధనల్లో తేలింది. పుట్టుకతో వచ్చిన గుణాన్ని దండించి మాన్పగలమా?

"కొన్నాళ్ళకు అవే సర్దుకుంటాయి" అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఓడిన బల్లి మూల నక్కి, తిండి మానేసి, తోక సన్నబడి చిక్కిపోతుంది. చూసేవారికి అది శాంతిలా కనిపిస్తుంది. నిజానికది రాజీ కాదు, ఓటమి.

కెన్నెత్ పెట్రెన్, టెడ్ కేస్ అనే శాస్త్రజ్ఞులు హవాయిలోని పాత విమానాల షెడ్లలో చేసిన ప్రయోగాన్ని 1998లో ప్రకటించారు. అక్కడ బయటినుంచి వచ్చిన ఒక ఇంటిబల్లి, మరో చిన్నజాతి బల్లికి పురుగులు దక్కనిచ్చేది కాదు. గోడలకు అడ్డుపలకలు అమర్చగానే ఆ పోటీ తగ్గింది. చాటు ఉంటే బలహీనుడికీ బతుకు ఉంటుందన్నమాట!

ఐతే అది విమానాలు పట్టే షెడ్డు. మూరెడు పెట్టెలో రెండు గూళ్ళు, రెండు నీటి గిన్నెలు పెట్టినంత మాత్రాన రెండు మగబల్లులు ఇమడవు. కాబట్టి పెంచేవారు ఒక్కో బల్లికి ఒక్కో పెట్టె ఏర్పాటు చేయాలి. తరమడం, కరవడం, తోక సన్నబడడం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా వేరుచేయాలి. గాయమైతే పశువైద్యునికి చూపాలి.

మరి మనింటి గోడమీది బల్లుల సంగతి? వాటిని సీసాలో బంధించి పోట్లాట పెట్టడం ప్రయోగం కాదు, హింస. నోటుపుస్తకం తీసుకుని దీపం కింద కూర్చోండి. ఏ బల్లి ఏ మూలను ఏలుతోందో, ఓడినది ఎటు పోతోందో రాసుకోండి. పెట్టెలో కంటే గోడమీదే మీకు ఎక్కువ జీవశాస్త్రం కనిపిస్తుంది.