తీర్మానం రాయకముందే వేలిముద్ర

తీర్మానాల పుస్తకంలో మూడు పేజీల నిండా నీలిరంగు వేలిముద్రలు. వాటిపైన తీర్మానం రాయాల్సిన చోటంతా ఖాళీ. చర్ల దారిలోని ఒక కోయగూడెంలో పోయిన వేసవిలో ఈ పుస్తకాన్ని కళ్లారా చూశాం. యాభై ఆకుల లెక్కన తునికాకు కట్టలు కడుతున్న ముసలమ్మను అడిగితే, బియ్యం కోసమని చెప్పి వేలు పెట్టించుకున్నారంది. ఆ గూడెం పేరు రాయడం లేదు. రాస్తే రేపు ఇబ్బంది పడేది ఆమే, పుస్తకం పట్టుకొచ్చినవాళ్లు కాదు.

ఖాళీగా వదిలిన ఆ చోట తర్వాత ఏదో ఒక పని పేరు చేరుతుంది. సామాజిక భవనమో, సిమెంటు రోడ్డో మంజూరవుతుంది. కాగితం మీద గ్రామసభ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించినట్టే ఉంటుంది. ఆ గూడెం వాళ్లు మాతో మాట్లాడినంతసేపూ అడిగింది మాత్రం వాగు మీద ఒక కల్వర్టు. వానాకాలంలో నిండు గర్భిణిని మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోస్తూ ఆ వాగు దాటిస్తారు.

ఖాళీ పేజీ మీద ఇలా వేలిముద్రలు తీసుకోవడం చిన్న తప్పు కాదు, చట్టాన్ని ఉల్లంఘించడం. షెడ్యూల్డు ప్రాంతాల కోసం 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం ఈ విషయంలో ఏ సందేహానికీ తావివ్వలేదు. ఊళ్లో ఏ పథకమైనా, ఏ పనైనా మొదలుపెట్టేముందు గ్రామసభ ఆమోదం ఉండాలి. లబ్ధిదారులను గ్రామసభే ఎంచాలి. డబ్బు ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రాన్ని పంచాయతీ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. అంటే లెక్క ఒప్పుకోవాల్సింది ఆ ముసలమ్మా, ఆమె ఇరుగుపొరుగూ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని ఇందుకు తగ్గట్టు సవరించింది. అమలు నియమాలు మాత్రం 2011 దాకా రాలేదు. అదే 1996లో కేరళ ప్రజాప్రణాళిక మొదలుపెట్టి, ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థల చేతికిచ్చింది. మనకు నియమాలు రాసుకోవడానికే పదమూడేళ్లు పట్టింది.

బొగ్గు సొమ్ము సంగతి ఇంకా బాధాకరం. ఇల్లెందులో 1889లో మొదలైన సింగరేణి తవ్వకం కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి దాకా పాకింది. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే 2015లో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పాటయ్యాయి. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం వాటిలో జమ కావాలి. షెడ్యూల్డు ప్రాంతంలో ఆ నిధితో చేసే ప్రతి పనికీ గ్రామసభ ఆమోదం ఉండాలనీ, ఏడాది చివర ఏ పని ఎంతవరకు వచ్చిందో గ్రామసభకు నివేదించాలనీ కేంద్రం మార్గదర్శకాల్లోనే రాసింది. ఆ నిధిని రాష్ట్రాలు తమ ఖజానాకు మళ్లించుకోకూడదని 2021 జులైలో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ఇంట్లో దుమ్ము పేరుకుపోయి, బావి ఎండిపోయిన ఊరికి తన పేరు మీద వచ్చిన డబ్బు ఎంతో తెలియకపోతే, ఆ తప్పుకు జిల్లా యంత్రాంగమే జవాబు చెప్పాలి.

అటవీ శాఖ అనుమతి రాలేదన్న మాట గూడేలకు అలవాటైపోయింది. బడి, అంగన్‌వాడీ, మంచినీటి పైపులైను, రోడ్డు వంటి 13 రకాల పనులకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ సిఫారసు అడగకుండా, అనుమతి లేదంటూ నిధులు వెనక్కి పంపడం అన్యాయం. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు భయపడి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయలది మరీ దయనీయ స్థితి. వాళ్ల గుంపుల్లో చాలావాటికి ఏ పుస్తకంలోనూ చోటు లేదు. వేలిముద్ర అడిగేవాళ్లు కూడా రారు. వాళ్లు చెలమ నీళ్లే తాగుతున్నారు.

తెలంగాణలో 2024 జనవరి ఆఖరుకు సర్పంచుల గడువు తీరింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోనే ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. సర్పంచికి గడువుంది, గ్రామసభకు లేదు. రెండేళ్లకు దగ్గరైన ఆ కాలంలో గూడేలను పిలిచి కూర్చోబెట్టడానికి అడ్డేమీ లేదు. భద్రాచలం దాటి ఎటపాకలో అడుగుపెడితే రాష్ట్రం మారుతుంది, 2011 నియమాల మూలం మాత్రం రెండుచోట్లా ఒకటే. కాబట్టి గ్రామసభను ఎందుకు పిలవరన్న ప్రశ్న ఇద్దరు ముఖ్యమంత్రులకూ వర్తిస్తుంది.

సభ తేదీని గూడెమే నిర్ణయించాలి, తునికాకు కోతల్లో అందరూ అడవిలో ఉన్నప్పుడు సభ పెట్టకూడదు. లెక్కలు కోయభాషలో పైకి చదివి వినిపించాలి. ఆ తర్వాతే బిల్లు చెల్లించాలి. గ్రామసభ జరగకుండా ధ్రువపత్రం మీద సంతకం పెట్టిన అధికారి నుంచి ఆ సొమ్ము రాబట్టాలి. వీటన్నిటికన్నా ముందు, వచ్చే తునికాకు సీజన్ మొదలవకముందే కలెక్టర్లు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులు గూడేల తీర్మానాల పుస్తకాలన్నీ తెప్పించాలి. వేలిముద్రలుండి తీర్మానం లేని ప్రతి పేజీనీ, ఆ వేళ్లు పెట్టినవాళ్ల ఎదుటే అడ్డగీత గీసి రద్దు చేయాలి.