రికార్డు ఈతగాడిదా, దుస్తులదా?

2009 జూలై చివరి వారంలో రోమ్ నగరంలో ప్రపంచ ఈత పోటీలు మొదలయ్యాయి. ఎనిమిది రోజులలో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. ఒక్క ఏడాదిలో మనిషి దేహం అంతగా మారిపోదు కదా! మారినవి ఒంటిమీది దుస్తులు.

2008 ఫిబ్రవరిలో స్పీడో సంస్థ ‘ఎల్‌జెడ్ఆర్ రేసర్’ను విడుదల చేసింది. నాసా వాయుసొరంగంలో పరీక్షించిన గుడ్డ, కుట్టుకు బదులు అతికించిన అంచులు, అక్కడక్కడ పాలియురెథేన్ పలకలు. మరుసటి ఏటికి అరీనా, జేకెడ్ సంస్థలు గుడ్డనే మానేసి అంతా పాలియురెథేన్‌తోనే తయారుచేశాయి. అవి ఒంటిని బిగించి నున్నగా చేస్తాయి, నీటిలో కాస్త ఎత్తున తేలుస్తాయి. నీటికంటె గాలి నిరోధం ఎంతో తక్కువ కనుక, ఎంత పైకి తేలితే అంత వేగం.

“అందరూ తొడుక్కుంటే అన్యాయమెక్కడిది? ఈత కళ్ళద్దాలను ఒప్పుకోలేదా?” అని అడిగేవారున్నారు. కళ్ళద్దాలు దారి చూపుతాయి, ఈదిపెట్టవు. పైగా ఈ దుస్తులు అందరికీ ఒకే మేలు చేయవు. సహజంగా తేలే సన్నని దేహానికి వాటివల్ల ఒరిగేది తక్కువ, బరువైన దేహానికి ఎక్కువ. ఒకరు ఏళ్ల తరబడి సాధనతో సంపాదించుకున్న తేలిక మరొకరికి అంగడిలో దొరికితే ఇక సాధనకు విలువేమిటి?

రోమ్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జర్మనీకి చెందిన పాల్ బీడర్మన్ 1 నిమిషం 42.00 సెకన్లలో ఈది మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించాడు. ఏడాది ముందు బీజింగ్‌లో ఇదే పోటీలో అతనిది అయిదవ స్థానం. ఫెల్ప్స్ శిక్షకుడు మండిపడ్డాడు. అయితే బీజింగ్‌లో స్పీడో దుస్తులతో పతకాలు మూటగట్టుకున్ననాడు ఆ శిబిరానికి ఈ ధర్మసందేహం కలిగినట్టు లేదు!

ఆ పోటీలకు ముందే, అదే నగరంలో సమావేశమైన ఫినా (నేటి వరల్డ్ అక్వాటిక్స్) 168–6 ఓట్లతో ఈ దుస్తులను కాదన్నది. 2010 జనవరి 1 నుంచి గుడ్డతో చేసినవే వాడాలి. పురుషులకు నడుము నుంచి, స్త్రీలకు భుజం నుంచి మోకాలిదాకా. మంచి నిర్ణయమే. కాని తాను తప్పని తేల్చిన దుస్తులతోనే పోటీలు నడిపించి, ఆ రికార్డులను పట్టికలో అలాగే ఉంచింది. నా అభ్యంతరమంతా ఇక్కడే.

జావెలిన్ విషయంలో ఇలా జరగలేదు. 1984లో ఉవె హోన్ 104.80 మీటర్లు విసిరాడు. 1986లో జావెలిన్ గరిమనాభిని మార్చినప్పుడు అతని రికార్డును అతని పేరిటే భద్రపరచి, కొత్త జావెలిన్‌కు కొత్త పట్టిక తెరిచారు. ఎవరి గౌరవానికీ భంగం కలగలేదు.

ఈతలో ఆ పని చేయనందుకు నష్టపోయినది తరువాతి తరం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ యువకుడు యానిక్ అన్యెల్ 200 మీటర్లను 1 నిమిషం 43.14 సెకన్లలో ఈదాడు. నిషేధం తరువాత అప్పటిదాకా ఎవరూ అంత వేగంగా ఈదలేదు. స్వర్ణం దక్కింది, రికార్డు దక్కలేదు. బీడర్మన్‌కూ అన్యాయమే జరిగింది. 2011 ప్రపంచ పోటీలలో గుడ్డ దుస్తులతోనే రెండు కాంస్యాలు గెలిచిన సమర్థుడతడు. అయినా అతని పేరు చెబితే ముందు దుస్తులే గుర్తుకొస్తాయి.

400 మీటర్లలో బీడర్మన్ నెలకొల్పిన 3 నిమిషాల 40.07 సెకన్ల రికార్డును 2025 ఏప్రిల్‌లో లూకాస్ మేర్టెన్స్ 3 నిమిషాల 39.96 సెకన్లకు తగ్గించాడు. దాదాపు పదహారేళ్లు! ఈతగాడి ఉచ్చదశ నాలుగైదేళ్లు మాత్రమే. ఈ నడుమ వచ్చి వెళ్ళిపోయినవారు నిషేధించిన దుస్తులతో పోటీపడి ఓడినట్టే. పాత రికార్డులను ఒక్కొక్కటిగా కాలానికి వదిలివేయడం న్యాయం కాదు. వాటికి వేరే పట్టిక ఇప్పటికైనా తెరవాలని నా అభిప్రాయం. మీరేమంటారు?