పన్ను మిగిలింది, నిషేధం పోయింది

మద్యనిషేధం ఎక్కడా నిలబడలేదు, ఇక నిలబడదు అన్నది ఇప్పుడు వేదవాక్కైపోయింది. సాక్ష్యానికి వెంటనే అమెరికాను పిలుస్తారు. అంత దూరమెందుకు? ముగ్గురాయి గనుల మంగంపేట ఉన్న పాత కడప జిల్లా చరిత్ర చాలు.

1937 అక్టోబరులో మద్రాసు ప్రెసిడెన్సీలోని రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. తగ్గిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను వేసింది. యుద్ధకాలంలో గవర్నరు పాలన నిషేధాన్ని పక్కన పెట్టింది గానీ పన్ను జోలికి పోలేదు. తర్వాత నిషేధం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. పన్ను మాత్రం పేర్లు మార్చుకుంటూ జీఎస్టీ దాకా నడిచొచ్చింది. నిషేధం పేరు చెప్పి వేసిన పన్ను కడుతూనే, జనం మద్యం మీద పన్నూ కడుతున్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించారు. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేస్తూ ప్రభుత్వం చూపిన కారణం ఖాళీ ఖజానా. సారా వేలంపాటలను మాత్రం ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ తిరిగి తేలేదు. నిషేధం నిలబడదనేవారు దీనికేమంటారు?

నాటుసారా కాస్తారు, కర్ణాటక సరుకు దొంగచాటుగా వస్తుంది. నిజమే. వ్యసనానికి వైద్యం చూపకుండా అంగడి మూస్తే ఏమవుతుందో 2020 కోవిడ్ కట్టడి రోజుల్లో కురిచేడులో శానిటైజర్ తాగి పోయిన ప్రాణాలు చెప్పాయి. అవి అమలులోని లోపాలు. 2019 నాటి ‘దశలవారీ నిషేధం’ సంగతి వేరు. ప్రభుత్వమే అంగళ్లు నడిపింది, ధరలు పెంచింది, మాన్పిస్తానన్న మద్యం రాబడినే చూపి అప్పు తెచ్చింది. దాన్ని నిషేధం ఖాతాలో రాయడం అన్యాయం.

మంగంపేట ముగ్గురాయి అమ్మితే వచ్చే డబ్బు ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీకి చేరుతుంది. ఆ రాయిని పొడిచేసే మిల్లుల్లో దుమ్ము మింగిన కూలీ తాగితే, అతని కూలిడబ్బులో వాటా కూడా సాయంత్రానికి ఖజానాకే చేరుతుంది. ఇంటికి మిగిలేదేమిటో ఏ బడ్జెట్ పత్రంలోనూ ఉండదు.

నిషేధం ఓడిపోయిందని ఇకనైనా అనకండి. ఖజానాకు గిట్టలేదని ఒప్పుకోండి. నిషేధం తేలేకపోతే, ఆ రాబడిలో కొంత ప్రతి మండలంలో వ్యసన చికిత్సకు కేటాయించండి, బెల్టు షాపులు మూయించండి. 1939 నుంచి పన్ను కడుతున్న జనానికి అది దక్కాల్సిన బాకీ.