మనవారెవరు?

ప్రతి సంవత్సరమును ఇట్టి సంచికలయందు మన భాషను గూర్చియు, మన పండుగలను గూర్చియు, మన పూర్వుల ఘనతను గూర్చియు పెద్దలు వ్రాయుచుందురు. వానిని చదివి సంతోషించువారిలో నేనొకడను. నేను పండితుడను కాను. పదవ తరగతితో చదువు చాలించి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచు పళవేర్కాటిలో కాలము గడుపుచున్నవాడను. అట్టివాడు కలము పట్టుటకు కారణము కోపము. ఆ కోపము పరులమీద కాదు, మనమీదనే. నామీద కూడ.

గత వేసవికి ముందు మనవారు కొందరొకచోట కూడిరి. బస్సులు నిలుచు చోట ఒక చలివేంద్రము పెట్టింపవలెనని ఒకరు సూచించిరి. ఒక పందిరి, నాలుగు కడవలు, కొంత మజ్జిగ, పోయుటకొక మనిషి. ఖర్చు గొప్పది కాదు. అంతలో మరియొకరు లేచి, "అక్కడ నీళ్లు త్రాగేవాళ్లలో మనవాళ్లెంతమంది? దారిన పోయే వడక్కన్లే గదా!" అనిరి. కొందరు నవ్విరి. ఆ పద్దు కొట్టివేయబడెను. ఆ సొమ్ము శాలువలకును జ్ఞాపికలకును చేరెను. నేనును అక్కడనే యుంటిని, నోరు మెదపలేదు. ఆనాడు చెప్పవలసిన మాటను ఈనాడు వ్రాయుచున్నాను.

"వడక్కన్" అనగా ఉత్తరమునుండి వచ్చినవాడు. గుమ్మిడిపూండి కార్ఖానాలలోను, ఇండ్లు కట్టుచోటులను, ఒడిశా, బీహారు, ఝార్ఖండ్, బెంగాలు ప్రాంతములనుండి వచ్చి పనిచేయు కూలీలను ఈ పేరుతో ఎగతాళి చేయుట ఇప్పుడు వాడుకయైనది. మన యిండ్లలోని పిల్లలును ఆ మాట నేర్చిరి. కాని ఆ మాటకు అన్నగారైన మాట మరియొకటి కలదు. అది "వడుగర్". దానికిని ఉత్తరమువారనియే అర్థము. ప్రాచీన తమిళ సంఘ సాహిత్యమునందు కానవచ్చు ఆ పేరు ఎవరిది? వేంకటాద్రికి ఆవల నివసించిన మన పూర్వులది. నిన్నటి వడుగుడు నేటి వడక్కనును చూచి నవ్వుటకంటె వింత మరేమున్నది?

మన కుటుంబములు ఇచ్చటికి ఒక్కదినమున వచ్చినవి కావు. విజయనగర ప్రభువుల కాలమున కొన్ని, నేతపనికై కొన్ని, సేద్యమునకై కొన్ని, వర్తకమునకును కొలువులకును కొన్ని వచ్చినవి. వచ్చిన మొదటి రాత్రి మనవారు ఎవరి యరుగుమీద పండుకొనిరో, ఎవరి బావినీరు త్రాగిరో ఏ శాసనమునందును లేదు. ఎవరో ఒకరు అరుగిచ్చి, నీరు పోసియే యుందురు. లేనిచో మనము లేము. ఈ యూరికి ఒకవైపు సముద్రము, మరియొకవైపు సరస్సు. రెండును ఉప్పునీళ్లే. ఇట్టిచోట మంచినీటి కుండ విలువ తెలియనివారుండరు. అట్టి కుండకడ నిలిచి, త్రాగవచ్చినవాని భాష యేమని విచారించుట మనకు తగునా?

ఈ యూరికి గర్వపడదగిన జ్ఞాపకములు కలవు, సిగ్గుపడదగినవియు కలవు. 1613లో డచ్చివారిక్కడ గెల్డ్రియా కోట కట్టిరి. ఇచ్చటి రేవునుండి నేతబట్టలు దూరదేశములకు పోయినవి. పళయకాటు లుంగీ అను పేరు నేటికిని నిలిచియున్నది. దానిని చెప్పుకొని మనము పొంగిపోవుదుము. కాని ఆ శతాబ్దమందే ఈ రేవున బట్టల మూటలతోపాటు మనుష్యులును ఓడలకెక్కింపబడిరి. కరువులు వచ్చినప్పుడు ఆకలికి తాళలేక తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొన్న దీనులను దళారులు పోగుచేసిరి. డచ్చివారు వారిని కొని, బటావియా మొదలగు చోటులకు బానిసలుగా పంపిరి. వేలమంది అట్లు పోయిరి. కొన్నవాడు పరదేశియే. కాని దళారి? అతడీ నేలవాడే. పొరుగువాడు గంజి పోయనిచోటికి దళారి వచ్చును. పొరుగువాని దయ ముచ్చటకొరకు కాదనియు, అది ప్రాణములతో కూడిన పని యనియు తెలియుటకు ఈ యొక్క సంగతి చాలును.

నాకు ఎదురు చెప్పువారి మాటలు నేనెరుగుదును. తరచుగా మూడు మాటలు విందును.

మొదటిది, "మనము కొద్దిమందిమి, ఉన్న కొంచెము మనవారికే చాలదు" అనునది. మన పేద విద్యార్థికి రుసుము కట్టుటయు, మన వితంతువునకు సాయపడుటయు తప్పని నేననను. అవి జరుగవలసినవే. కాని కొద్దిమందిగా నున్నవారికే పొరుగుతో పని ఎక్కువ. అర్ధరాత్రమున కోడలికి నొప్పులు వచ్చినచో ఆసుపత్రికి చేర్చునది దూరమున నున్న సంఘాధ్యక్షులు కారు. ఎదురింటి తమిళుడో, పక్కవీధి మరక్కాయరో బండి తెచ్చును. 1960 ఏప్రిల్ 1వ తేదీని సరిహద్దులు మారినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. చెంగల్పట్టు, సేలము జిల్లాల గ్రామములు కొన్ని ఆంధ్రమునకు పోయెను. ముందునాటి రాత్రి అధికసంఖ్యాకులుగా నిద్రించినవారు తెల్లవారునప్పటికి అల్పసంఖ్యాకులైరి, ఇటు తెలుగువారు, అటు తమిళులు. పటముమీద గీత మారెను గాని పక్కింటివారు మారలేదు. పాలలో వేయుటకు తోడు అడిగిన చేయియు, తోడు పెట్టిన చేయియు మునుపటివే. పొరుగింట అడిగి తెచ్చు చెంచాడు మజ్జిగయు తోడే, కష్టమున వెంట నిలుచు మనిషియు తోడే. మన భాష ఈ రెంటికిని ఒకే మాట ఉంచినది. భాషాభిమానులము గదా, ఆ మాటకైనను విలువ నీయవలదా?

రెండవది, "కాలము చెడ్డది, దయ చూపినచో మోసపోవుదుము" అనునది. మోసము లేదని నేననను. ఫోనులో ఎవరో చెప్పిన ఖాతాకు సొమ్ము పంపవలదు, తెలియనివానిని ఇంటిలో పెట్టుకొనవలదు. కాని ఒక చెంబెడు నీళ్లతో ఎవడెంత మోసము చేయగలడు? దారి తెలియనివానికి దారి చెప్పుట, బస్సులో ముసలివానికి చోటిచ్చుట, చదువురానివానికి ఫారము నింపిపెట్టుట, ఊరికి పోయిన పొరుగువారి తులసికి నీళ్లు పోయుట, చావు జరిగిన యింటికి ఒకపూట వండి పంపుట, వీనిలో మనకు పోవునదేమి? పెద్ద మోసములను సాకుగా చూపి చిన్న దయలను మానుకొనుచున్నాము. అది జాగ్రత్త కాదు, లోభము. పైగా పొరుగును ఎరుగకపోవుటయే మోసమునకు దారి. 2023 మార్చిలో, తమిళనాట ఉత్తరదేశపు కూలీలను చంపుచున్నారని అబద్ధపు వీడియోలు వ్యాపించినప్పుడు ఆ బీదలెంత భయపడిరి! పక్క గదిలోనివాని పేరెరిగినవాడు, వాని బిడ్డకొకనాడు బెల్లము ముక్క పెట్టినవాడు, "అది అబద్ధము నాయనా, మేమున్నాము" అని ఒక్కమాట చెప్పగలడు. పేరే యెరుగనివాడు ఏమి చెప్పును?

మూడవది, "ఇవన్నియు ప్రభుత్వము చూచుకొనవలసిన పనులు" అనునది. జీవితమంతయు కాగితముల కట్టలు మోసినవాడను గనుక ఇది నన్ను అడుగుడు. కాగితము నడచును గాని పరుగెత్తదు. 2004 డిసెంబరు 26, ఆదివారమునాడు సముద్రము పొంగి మన కుప్పములమీద పడినప్పుడు గాని, 2011 డిసెంబరు 25వ తేదీని ఈ సరస్సులో విహారమునకు వచ్చినవారి పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించినప్పుడు గాని, మొదటి గడియలో అక్కడ నుండగలిగినది సమీపమున నున్న మనిషియే. 2015 డిసెంబరు మొదటి దినములలో చెన్నపట్టణమును, మన తిరువళ్లూరు జిల్లాయు నీట మునిగినప్పుడు జాలరులు తమ పడవలను వీధులలోనికి తెచ్చిరి. మసీదులును కల్యాణమండపములును తలుపులు తెరచినవి. 2018 ఆగస్టులో కేరళమున వరదలు వచ్చినప్పుడును జాలరులే పడవలను లారీలకెక్కించి తెచ్చి వేలమందిని కాపాడిరి. మేడమీద నిలిచి కేకలు వేయువానిని "నీది ఏ భాష?" అని అడిగి చేయి యందించినవాడొక్కడును లేడు. అది వచ్చువరకు ఇది చేయుట పొరుగువాని వంతు. ప్రభుత్వము తరువాత వచ్చును, రావలెను. కాని అది వచ్చులోపల ప్రాణము పోరాదు గదా!

ఇక సంస్కృతి మాట. చలివేంద్రము కంటె సన్మానసభ మన సంస్కృతికి దగ్గరయని తలచువారికి భాగవతమునందలి రంతిదేవుని కథను జ్ఞాపకము చేయుదును. ఆయన 48 దినములు అన్నపానములు లేక మాడి, దొరికిన ఆహారమును వచ్చినవారికెల్ల పంచిపెట్టి, చివరకు మిగిలిన నీళ్లను సైతము, లోకము అంటరానివాడన్న మనిషికి పోసెను. పోతనగారి భాగవతము మన బీరువాలో నుండుట మాత్రము చాలునా? డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి తీరమున లంకల గన్నవరములో వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టి, అపర అన్నపూర్ణ యనిపించుకొనిరి. ఆమె ఎదుట విస్తరి వేసికొని కూర్చున్నవానిని నీవు మావాడవేనా యని ఆమె అడుగలేదు. ఆ కాలముననే, 1867లో, తమిళదేశమున రామలింగస్వామివారు వడలూరున సత్యధర్మశాలను స్థాపించి ఆకలిగొన్నవారికెల్ల అన్నము పెట్టించిరి. నాడు వెలిగించిన పొయ్యి నేటికిని ఆరలేదు. ఆయన తల్లిగారు మన పొన్నేరి చెంతనున్న చిన్నకావనపు ఆడపడుచు. అక్కడొక తెలుగు ఇల్లాలు, ఇక్కడొక తమిళ సన్న్యాసి. భాషలు వేరైనను ఒకే పని చేసిరి. సంస్కృతి యనగా నాకు తెలిసినంతవరకు ఇదియే.

ఇక నామీది కోపము సంగతి. చాల యేండ్ల క్రిందట నేనొక కార్యాలయమున కిటికీకడ కూర్చుండి అర్జీలు పుచ్చుకొనుచుంటిని. మూయువేళకు ఒక వృద్ధుడు వచ్చెను. సరిహద్దు దగ్గరి పల్లెవాడు, సరస్సులో చేతులతో తడవి రొయ్యలు పట్టి బ్రదుకువాడు. చదువు రాదు. నన్ను ఎట్లు పోల్చెనో గాని, మన యింటి తెలుగులోనే, "అయ్యా, ఈ కాయితం కాస్త రాసిపెట్టయ్యా" అని వేడుకొనెను. చుట్టును పై అధికారులు, తోటి గుమాస్తాలు. తెలుగు మాటాడినచో అందరును నావైపు చూతురేమో యని వెరచి, తెలుగు తెలియనివానివలె తమిళములో "రేపు రా" అని కిటికీ మూసితిని. వరుసలో అతని వెనుక తాటాకు బుట్టలల్లు ఒక ముస్లిము స్త్రీ నిలిచియుండెను. ఆమెకు తెలుగు రాదు. ఆమె అతనిని వరండాలో కూర్చుండబెట్టి, సైగలతో సంగతి గ్రహించి, బడినుండి వచ్చిన తన కొడుకుచేత ఆ యర్జీని వ్రాయించెను. మరునాడు అతనిని వెంటబెట్టుకొని వచ్చి దానిని నాచేతికిచ్చెను. నన్నొక్క మాటయు అనలేదు. అనినను బాగుండెడిది.

ఆనాడు ఆ వృద్ధునకు తనవారెవరు? తెలుగు తెలిసిన నేనా, తెలుగు తెలియని ఆమెయా? ఇన్నేండ్లుగా ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక్కటే. నాలుగు కడవల నీళ్లను గూర్చి మనవారు నవ్వినప్పుడు ఆ జవాబును గట్టిగా చెప్పలేకపోయితిని. ఇప్పుడు చెప్పుచున్నాను. మనకు అక్కరపడినవాడు మనవాడు కాడు. మన యక్కర పడినవాడు మనవాడు.

మాటలు చాలును. చైత్రము వచ్చునప్పటికి బస్సులు నిలుచు చోట చలివేంద్రము లేవవలెను. దానికి ప్రారంభోత్సవము వలదు, దాతల పేర్ల పలక వలదు, ఫొటోలు వలదు. వారమునకొక గంట మనలో చదువుకొన్నవారొకరు ఆ పందిరిక్రింద కూర్చుండి, తెలుగువానికైనను, తమిళునికైనను, ఒడియావానికైనను, అడిగినవానికి ఫారము నింపి యిచ్చుటకు సిద్ధముగా నుండవలెను. ఆ "వడక్కన్" అను మాట మన గడపలు దాటి లోపలికి రాకూడదు. నాలుగు కడవలలో ఒకదాని ఖర్చు నాది. నీళ్లు పోయుటకు మనిషి దొరకనిచో ఆ పనియు నాదే. ఇంతకాలము కిటికీ మూసిన చేయి యిది, కొంతకాలము నీళ్లు పోయుట దానికి మేలు.

వచ్చు సంవత్సరపు జమాఖర్చులలో శాలువల పద్దు తగ్గి, చలివేంద్రపు పద్దు కనబడినచో, ఈ పాత గుమాస్తా ఆ లెక్కకు సంతోషముగా చేవ్రాలు చేయును.